తొంభై ఏడు మార్కుల వినికిడి

నమోదు 1604

సైరన్ మోగకముందే చదువు గది తెరిచాను. ముప్పై ఆరు బల్లలు, ముప్పై ఆరు తెరలు, అన్నే హెడ్‌ఫోన్లు. చెవి మెత్తల్ని తడిబట్టతో తుడిస్తే బట్ట నల్లబడింది. ఈ ఊరు ఒకప్పుడు బొగ్గు గని. ఇప్పటికీ అందరూ ఏడో బాయి అనే అంటారు. జనం ఇందులోకి దిగి నలభై మూడేళ్లయింది. మసి మాకంటే ముందు నుంచీ ఉంది.

పైన ఎండ యాభై ఆరు డిగ్రీలు దాటింది. తీగ బాగుచేసేవాళ్లు ఈ రోజు కూడా పైకి ఎక్కలేదు. పాఠాలన్నీ ఆ ఒక్క తీగ మీదే దిగాలి. అది సన్నం. ఒక్కొక్కరికి ఒక్క రకం పాఠమే పంపగలదు. అందుకని పిల్లలకు ఎనిమిదేళ్లు నిండగానే మిషను నలభై రోజులు వాళ్లను గమనించి దారి నిర్ణయిస్తుంది. చూపు దారి వాళ్లకు బొమ్మలు, వినికిడి దారి వాళ్లకు మాటలు, అక్షరం దారి వాళ్లకు రాత, చేతి దారి వాళ్లకు పనిముట్లు. ఒకసారి దారి పడితే మారదు.

నేను పరిశీలకురాలిని. పాఠం చెప్పను. పిల్లలు తెర ముందు కూర్చున్నాక ఎవరు ఎక్కడ ఆపారు, ఎన్నిసార్లు వెనక్కి తిప్పారు, ఎంతసేపు కదలకుండా ఉన్నారు అన్నది మిషను లెక్కగడుతుంది. వారానికొకసారి ఆ అంకెల కింద నేను ఒకటి రెండు వాక్యాలు రాస్తాను. పదేళ్లుగా ఇదే పని.

ఈ వారం కూడా గంగజలే ముందుంది. పదమూడేళ్ల పిల్ల, వినికిడి దారి, పదకొండో బల్ల. నలభై నిమిషాల పాఠాన్ని తొంభై నాలుగుసార్లు వెనక్కి తిప్పింది. పోయిన నెల అరవై. ఆమె వినికిడి మొగ్గు నూటికి తొంభై ఏడని మిషను చూపించింది. మా బాయిలో ఇంతవరకూ ఎవరికీ అంత రాలేదు. కింద ఇలా రాశాను: వినడంలో అసాధారణ ఆసక్తి. ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు.

నమోదు 1607

చదువు పర్యవేక్షకుడు రాజలింగం సార్ వచ్చారు. కప్పు కాపలా పనికి కొత్త మనిషి కావాలన్నారు.

మా తలల మీద రెండు వందల అడుగుల రాయి ఉంది. దాన్ని రోజూ కడ్డీతో తట్టి చూడాలి. గట్టి రాయి ఖంగుమంటుంది, లోపల విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. ఆ తేడా విన్నవాడు చెబితేనే కింద దుంగలు నిలబెడతారు. ఇరవై రెండేళ్లుగా ఆ పని చేస్తున్న పోశంకు చెవులు బాగానే ఉన్నాయి, మోకాళ్లు లేవడం లేదు. వినికిడి దారి పిల్లల్లో మొగ్గు ఎక్కువ ఉన్న పన్నెండు మంది పేర్లు ఇమ్మన్నారు సార్. వాళ్లలో ఒకరిని పోశం దగ్గర పెడతారట.

ఈ పనికి ఒక ఇల్లు కూడా వస్తుంది. తూర్పు వరుసలో. అక్కడ చప్పుడు ఉండదు, కాపలావాళ్ల చెవులకు విశ్రాంతి కావాలని అక్కడ ఇస్తారు.

మిషను అడిగితే జాబితా అర నిమిషంలో ఇచ్చింది. మొదటి పేరు గంగజల.

నమోదు 1609

నీళ్ల డబ్బాలు మార్చాను. రెండో వరుసలో ఒక దీపం పోయింది, మార్చాను.

గంగజల హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి నీళ్లకు వెళ్లింది. తీసిపెట్టిన ఆ హెడ్‌ఫోన్లలో పాఠం ఐదారు బల్లల అవతల నిలబడ్డ నాకు మాట మాట వినిపించింది. దగ్గరికి వెళ్లి చూశాను. చప్పుడు మీట చివరిదాకా తిప్పి ఉంది. అక్కడికి మించి తిప్పే వీలు లేదు.

తిరిగొచ్చాక, అంత గట్టిగా పెడితే చెవి నొప్పి పుట్టదా అని అడిగాను. ఆమె నా కళ్లవైపు చూడలేదు, నా నోటివైపు చూసింది. ఒక క్షణం ఆగి లేదన్నట్టు తల ఊపింది.

మీట ఎంత తిప్పారన్నది మిషను లెక్కలో లేదు. అది రాయడానికి గడి కూడా లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నమోదు 1612

మూడు నెలల పరీక్ష. వినికిడి దారి పిల్లలకు ప్రశ్న చెవిలో వస్తుంది, జవాబుకు అంకె ఉన్న బొత్తాం నొక్కాలి. గంగజలకు ముప్పై ఒకటి వచ్చింది. పోయినసారి నలభై నాలుగు. అంతకుముందు యాభై ఎనిమిది.

మొగ్గు పెరుగుతోంది, మార్కులు తగ్గుతున్నాయి. మిషను దీనికి ఒక సలహా ఇచ్చింది: వినే గంటలు పెంచాలి.

జాబితాలో మిగిలిన పదకొండు మంది మార్కులు తీశాను. ఎనిమిది మందికి అదే తీరు. ఆ ఎనిమిది మందిలో మగపిల్లలున్నారు, ఆడపిల్లలున్నారు, చురుకైనవాళ్లున్నారు, నెమ్మదస్తులున్నారు. వాళ్లను కలిపేది ఏమీ కనిపించలేదు. చివరికి ఇంటి నంబర్లు చూశాను. గంగజలతో కలిపి తొమ్మిది మందీ పంకా వరుసలోనే ఉంటారు.

నేను పంకా వరుసకు ఎప్పుడూ వెళ్లలేదు. నా పని చదువు గదిలో.

నమోదు 1613

వెళ్లాను.

ఊరికంతటికీ గాలి పంపే పెద్ద పంకా పడమటి చివర ఉంది. నాలుగు వేల రెండు వందల మంది పీల్చే గాలి అదే. దానికి నూనె పోసేవాళ్లు, బెల్టులు మార్చేవాళ్లు పక్కనే ఇళ్లు కట్టుకున్నారు. మలుపు తిరగ్గానే నా పళ్లు అదిరాయి. చప్పుడు చెవితో వినేదిలా లేదు, ఛాతీ మీద చెయ్యి పెట్టి నెట్టినట్టుంది. అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్లు గట్టిగా మాట్లాడుకోవడం లేదు. నోళ్లు కదుపుతున్నారు, వేళ్లు కదుపుతున్నారు, నవ్వుకుంటున్నారు. పిల్లలూ అంతే.

గంగజల తండ్రి ఓదెలు పంకా మెకానిక్. ముప్పై ఎనిమిదేళ్లు. తల్లి చిన్న కూతురి కాన్పులో పోయింది. ఆ చిన్న కూతురు లచ్చికి నాలుగేళ్లు. నేను వచ్చానని ఓదెలు స్టూలు తుడిచి వేశాడు. చెంబులో నీళ్లిచ్చాడు, ఆ నీళ్ల మీద సన్నటి వలయాలు ఆగకుండా పుడుతూనే ఉన్నాయి. నేను చెప్పిన ప్రతి మాటనూ రెండుసార్లు చెప్పించుకున్నాడు. తన కూతురు కప్పు కాపలాకు ఎంపికవుతుందని ఎవరో చెప్పారట.

"మా ఇంట్ల ఎవ్వరికీ గంత పెద్ద పని రాలే మేడం," అన్నాడు. "నా బిడ్డ రాయి మాట ఇంటదట గదా."

నీళ్లు తాగి లేచాను. మలుపు దాటాక కూడా చాలాసేపు చెవుల్లో హోరు పోలేదు. నేను అక్కడ ఉన్నది ఇరవై నిమిషాలు.

నమోదు 1615

నర్సు సలోమిని చదువు గదికి పిలిచాను. తొమ్మిది మందిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, వెనకనుంచి పళ్లెం మీద చెంచాతో కొట్టింది. ముందు పది అడుగుల దూరంలో, తర్వాత ఆరు, తర్వాత మూడు. ముగ్గురు ఆరడుగుల దగ్గర తిరిగారు. ఐదుగురు మూడడుగుల దగ్గర తిరిగారు. గంగజల తిరగలేదు. సలోమి ఆమె భుజం పక్కకు వచ్చి కొట్టింది. అప్పుడు కూడా ముందుకే చూస్తూ కూర్చుంది.

సలోమి పళ్లెం కింద పెట్టి, ఇది ఒక్క ఏడాదిలో వచ్చింది కాదు, తిరిగి వచ్చేది కూడా కాదు అని చెప్పి వెళ్లిపోయింది.

నేను గంగజల ఎదురుగా కూర్చుని, నా నోరు ఆమెకు కనిపించేలా అడిగాను. ఎప్పటినుంచి, ఎందుకు చెప్పలేదు అని.

"పాఠం అందరికీ గట్లనే ఇనవడ్తదనుకున్న," అంది. "ఒక్కొక్క మాట గుంజి గుంజి పట్టుకోవాలె కావచ్చు అనుకున్న. మిగతోళ్లకు జల్ది దొరుకుతది, నాకు లేటయితది, గంతే అనుకున్న."

నిరుడు ఒక రోజు ఇంట్లో లచ్చి ఉన్నట్టుండి నీళ్ల డబ్బా వైపు తిరిగిందట. ఏమైందంటే నీళ్లు కారుతున్నాయంది. గంగజలకు ఆ చప్పుడే లేదు. తనకు మాత్రమే వినిపించడం లేదని ఆ రోజు తెలిసిందట. అప్పటికే మిషను ఆమెకు తొంభై మూడు ఇచ్చి ఉంది. నేను కింద మెచ్చుకుంటూ రాసి ఉన్నాను.

"మీరు ఎవ్వరికీ చెప్పకుండ్రి మేడం. ఆ పనొస్తే తూర్పు దిక్కు ఇల్లిస్తరట. మా చెల్లెకు ఇంక మంచిగనే ఇనవడ్తది. దాన్ని అక్కడికి తీస్కపోవాలె."

మరి కప్పు మాటేమిటని అడిగాను. ఎట్లనో చేస్త అంది.

నమోదు 1616

ఈ రోజు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం కూడా ఒక పని కనుక నమోదు చేస్తున్నాను.

పిల్లలు చాలామంది వెళ్లాక మిగిలిన ఫైళ్లు తీశాను. నాలుగు దారుల నుంచీ కొందరిని ఎంచుకుని, అంకెలు పక్కన పెట్టి, మర్నాడు బల్ల దగ్గరే అడగడానికి పేర్లు రాసుకున్నాను. వాళ్లలో ఇద్దరు ఇంకా ఇంటికి వెళ్లలేదు, వాళ్లను అప్పుడే అడిగాను. కల్పన అనే పిల్ల చూపు దారిలో ఉంది, బొమ్మ పాఠాలు శబ్దం లేకుండా చూస్తుంది కాబట్టి. ఎందుకు అలా చూస్తావంటే, దారి నిర్ణయించిన ఆ నలభై రోజులూ ఒళ్లో పసి తమ్ముడు పడుకుని ఉండేవాడట, లేచి ఏడిస్తే వినపడాలని శబ్దం తీసేసేదట. తర్వాత అదే అలవాటైంది. రెండో పిల్లవాడు అక్షరం దారి. పాఠాన్ని మధ్యలో ఆపి అదే పేజీలో చాలాసేపు ఉంటాడు, లోతుగా చదువుతాడని నేనే రాశాను. అతనికి ఆ బల్ల దగ్గర గాలి బాగా తగులుతుందట, పేజీ తిప్పకుండా కాసేపు కళ్లు మూసుకుంటాడట.

వాళ్ల వేళ్లు ఏం చేశాయో అంతా నా దగ్గర ఉంది. పదేళ్లది ఉంది.

నమోదు 1617

రాజలింగం సార్‌కు చెప్పాను. సలోమి రాసిచ్చిన కాగితం ముందు పెట్టాను. ఆయన చెడ్డమనిషి కాదు. కాగితం రెండుసార్లు చదివారు. తర్వాత గంగజల ఫైలు తెరిచి నా వాక్యాలు ఒక్కొక్కటే బయటికి చదివారు. ఐదేళ్లవి. తనివి తీరదు అన్న చోట ఆగి, ఇవి నువ్వు రాసినవే కదా అని అడిగారు.

"నేనే రాసిన సార్. మిషను తప్పు జెప్పలేదు. ఎన్నిసార్లు తిప్పిందో అది చెప్పింది. ఎందుకు తిప్పిందో నేను రాసిన. ఆ తప్పు నాది."

తొమ్మిది మంది విషయంలో తప్పంటే మిగతా పిల్లలందరి విషయంలోనూ అనుమానమే అవుతుందని ఆయన అన్నారు. అవుతుందన్నాను. మిగతా బాయిల్లోనూ ఇదే మిషను ఉందన్నారు. తెలుసన్నాను. ఆయన ఫైలు మూశారు. చివరికి, ఒక పళ్లెం, చెంచా నమ్మి తొంభై ఏడు మొగ్గు ఉన్న పిల్లను తీసెయ్యలేననీ, పోశం దగ్గరే తేల్చుకుందామనీ అన్నారు.

నమోదు 1619

నాలుగో గల్లీలో పరీక్ష పెట్టారు. పోశం, రాజలింగం సార్, ఓదెలు, నేను. గంగజల తల దువ్వుకుని, ఉతికిన బట్టలు వేసుకుని వచ్చింది. పోశం కప్పు మీద పది చోట్ల సుద్దతో గుర్తులు పెట్టాడు. తాను తడతాడు, గట్టిదో డొల్లదో ఆమె చెప్పాలి.

మొదటి దెబ్బ. గట్టిది అంది. సరే. రెండోది డొల్ల. సరే. పదింటికి పదీ సరిగా చెప్పింది. ఓదెలు ముఖం వెలిగింది. రాజలింగం సార్ నా వైపు చూశారు. నేను పళ్లెం సంగతి మళ్లీ చెప్పబోయి ఊరుకున్నాను, ఎందుకంటే నాకే అనుమానం వచ్చింది.

పోశం మాత్రం కడ్డీ ఆనించుకుని ఆ పిల్లనే చూస్తున్నాడు. తర్వాత తన నెత్తి మీద దీపం తీసి, వెనకాల బండ మీద పెట్టాడు. అతని ముఖం చీకట్లో పడింది. ఇంకో పది చోట్ల తట్టాడు.

ఈసారి ఆమె ఆగి ఆగి చెప్పింది. నాలుగు సరిపోయాయి.

పోశం దీపం మళ్లీ పెట్టుకుని, ఆమెకు కనిపించేలా వంగి, మెల్లగా అన్నాడు.

"బిడ్డా, నువ్వు రాయిని ఇంటలేవు. నన్ను చూసి చెప్తున్నవ్. డొల్లది తగిలినప్పుడల్లా నా మొఖం ముడుచుకుంటదని ఇరవై రెండేండ్ల నుంచి నాకే తెల్వది."

గంగజల తల దించుకుంది. పోశం ఏమన్నాడో ఓదెలుకు వినపడలేదు. ఏమన్నడు, ఏమన్నడు అని మా ఇద్దరినీ అడిగాడు. రాజలింగం సార్ చెప్పలేదు. నేను చెప్పాను. ఓదెలు రెండోసారి చెప్పించుకోలేదు. కూతురి చెయ్యి పట్టుకుని పడమటి దిక్కుకు నడిచాడు.

నమోదు 1620

మొదటి షిఫ్ట్ మొదలుకాకముందే ఓదెలు చదువు గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మీరు చెప్పకపోతే మా చిన్నది తూర్పుకు పోతుండె," అన్నాడు. కాసేపాగి, "చెప్పకపోతే ఎన్నటికన్న కప్పు కూలుతుండె," అన్నాడు.

రెండూ నిజమే. అతను జవాబు కోసం నా నోటివైపే చూస్తూ నిలబడ్డాడు. కూతురిలాగే.

నమోదు 1623

బాయి కమిటీ కూర్చుంది. ఐదుగురు. నేను తొమ్మిది మంది వివరాలూ, ఇంటి నంబర్లూ, మీట చివరిదాకా తిరిగి ఉన్న సంగతీ చెప్పాను. జాబితాలో మిగిలిన ముగ్గురిలో ఇద్దరి హెడ్‌ఫోన్లలో ఒక వైపు పనిచెయ్యడం లేదనీ, అందుకే వెనక్కి తిప్పుకునేవారనీ చెప్పాను. పన్నెండో పిల్ల శ్యామల మాత్రం నిజంగానే వినడం ఇష్టపడుతుంది. కప్పు కాపలా ఆమెకు ఇచ్చారు. పోశం ఆమెను దీపం ఆర్పి పరీక్షించాడు.

పంకా ఆపలేమని కమిటీ అంది. అది అడగడానికి నేను రాలేదు. కొత్త ఇళ్లకు చోటు లేదంది. అదీ తెలిసిందే. నేను అడిగింది చదువు గది. మూడో షిఫ్ట్‌లో అది ఖాళీగా ఉంటుంది. పంకా వరుసలో పదేళ్ల లోపు పిల్లలు పంతొమ్మిది మంది ఉన్నారు. బల్లలు గోడకు జరిపితే వాళ్లు అక్కడ పడుకోవచ్చు. కనీసం నిద్రపోయే ఎనిమిది గంటలైనా చెవులకు ఊపిరి తిరుగుతుంది.

యంత్రాలున్న గదిలో పిల్లల్ని ఎలా వదులుతామని ఒకరు అడిగారు. ఎవరైనా కాపలా ఉండాలన్నారు. నేనుంటానన్నాను. అప్పుడు రాజలింగం సార్ లేచి, ఈమెను పరిశీలకురాలిగా ఇక కొనసాగించలేం కనుక ఆ పనికి పెట్టవచ్చునన్నారు. ఆ మాట నన్ను శిక్షిస్తూ అన్నారో, నాకు సాయం చేస్తూ అన్నారో ఆయన గొంతులో తెలియలేదు. తీర్మానం అయింది. వినికిడి దారిలోని ఆ తొమ్మిది మంది దారి మార్చుకోవచ్చని కూడా రాశారు. బాయి చరిత్రలో దారి మారడం ఇదే మొదలు.

ఇకనుంచి ఈ నమోదు ఎవరూ అడగరు. అలవాటు కొద్దీ రాస్తున్నాను.

నమోదు 1655

పంతొమ్మిది చాపలు వేశాను. లచ్చి మూడో చాప. నిద్రలో మాట్లాడుతుంది. మొదటి వారం పిల్లలకు నిద్ర పట్టలేదు. ఇంత నిశ్శబ్దం ఏంటని భయపడ్డారు.

గంగజల అక్షరం దారి కోరుకుంది. కాని ఆమెకు తన పేరు, అంకెలు తప్ప ఏమీ రాదు. ఎనిమిదేళ్లకు వినికిడి దారి పడ్డాక ఎవరూ ఆమెకు అక్షరం చూపలేదు. అందుకని అక్షరం దారిలో కొత్తగా చేరిన ఎనిమిదేళ్ల పిల్లల తరగతిలో కూర్చోబెట్టారు. ఆమె మోకాళ్లు బల్ల కింద పట్టవు, పక్కకు తిరిగి కూర్చుంటుంది. ఆమె ప, ఫ, ష కలగలిపినప్పుడల్లా పక్కన కూర్చునే ఎనిమిదేళ్ల పాప ఆమె వేలు పట్టుకుని దిద్దిస్తుంది. గంగజల దిద్దుతుంది. సిగ్గుపడినట్టు కనిపించదు. సిగ్గుపడిందేమో, నాకు తెలియదు. చూసి చెప్పగలిగేవి ఎంత తక్కువో ఇప్పుడు కొంచెం తెలుసు.

ముప్పై రోజులకు పైగా ఆమె నాతో మాట్లాడలేదు. ఈ రోజు చెల్లెల్ని దింపడానికి వచ్చి, చాప పరిచాక నా ఎదురుగా కూర్చుంది. నా మీద కోపంగా ఉందా అని నేనే అడిగాను.

"మీరు చెప్పిండ్రని లేదు," అంది. "ఐదేండ్లు అడగలేదని ఉన్నది."

నేను తల ఊపాను. ఆమె ఇంకాసేపు కూర్చుంది. తర్వాత పలక ముందుకు జరిపి, ఒత్తులు ఎప్పుడు వస్తాయని అడిగింది. ఇంకో నెలలో అన్నాను. ఇప్పుడే చెప్పమంది. చెప్పాను.

నమోదు 1742

పిల్లల్ని మొదటి షిఫ్ట్‌కు ముందు పంకా వరుసకు తిరిగి తీసుకెళ్లడం నా పని. ఈ రోజు గంగజల కూడా వచ్చింది. లచ్చి ఒక చెయ్యి నాది, ఒక చెయ్యి అక్కది పట్టుకుంది.

పంకా గది గోడ దగ్గర గంగజల ఆగింది. గోడ మీద, తల కంటే ఎత్తున, మసి పట్టిన రేకు ఒకటి ఉంది. చుట్టూ ఎర్రటి అంచు మాత్రమే కనిపిస్తుంది. నేను నాలుగు నెలలుగా దాని కింద నుంచే నడుస్తున్నాను. ఆమె నూనె డ్రమ్ము దొర్లించి, నిలబెట్టి, ఎక్కింది. పైట కొంగుతో రుద్దింది. మసి కింద తెల్లటి అక్షరాలు బయటపడ్డాయి. మూడు వరుసలు.

ఆమె పైకి చదవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క అక్షరం. తన గొంతు తనకు వినపడదు కనుక గొంతు చించుకుని చదివింది. ఆ హోరులో ఆ కేక ఎవరికీ అందదు. కాని ఆ వరుసలో అందరూ నోరు చూసి అర్థం చేసుకునేవాళ్లే. అరుగుల మీది ఆడవాళ్లు లేచి వచ్చారు. నూనె చేతులతో ఓదెలు వచ్చాడు. ఎవరికీ చదవడం రాదు. అందరిదీ చేతి దారి, కాకపోతే వినికిడి దారి. అందరూ డ్రమ్ము చుట్టూ నిలబడి ఆమె పెదవులవైపు చూశారు.

"ఈ పంకాకు మూడు వందల అడుగుల లోపల ఎవ్వరూ నివసించరాదు. చెవులకు..."

అక్కడ ఆగింది. తర్వాతి మాట మీద వేలు పెట్టి, రెండుసార్లు ప్రయత్నించింది. నా వైపు తిరిగింది. శాశ్వత, అని పెదవులతో చూపించాను. దానర్థమేంటని అడిగింది. ఎప్పటికీ అని చెప్పాను. ఆమె మళ్లీ రేకు వైపు తిరిగి మిగిలింది చదివింది.

"చెవులకు శాశ్వత హాని కలుగును."

ఒక ముసలామె తన మనవడి రెండు చెవుల మీద చేతులు పెట్టింది. ఓదెలు రేకు వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. ఇది ఎప్పటినుంచి ఉందని అడిగాడు. గంగజల రేకు వైపు తిరిగి ఉంది, ఆమెకు తెలియలేదు. ఆమె డ్రమ్ము పక్కన పెట్టిన పలక మీద నేను అదే రాసి పైకి అందించాను. ఆమె చదువుకుంది. వంగి, మూడో వరుస కింద సన్నటి అక్షరాల మీద మసి తుడిచింది. ఇటు తిరిగి తండ్రి ముఖం చూస్తూ చెప్పింది.

"బాయిలకు దిగిన రెండో సంవత్సరం."

ఓదెలు పుట్టింది ఐదో సంవత్సరంలో, ఇదే వరుసలో.